వున్న వూరు, కన్న తల్లి

శ్రీకాకుళం మొదలు కాకినాడ దాకా సముద్రపుటొడ్డు వూళ్ళలో బాగా వయసు మళ్ళినవాళ్ళను ఎవరినైనా కదిపి చూడండి. కాసేపటికి వాళ్ళ నోట "రంగం" అన్న మాట వచ్చి తీరుతుంది. "మా తాత రంగం వెళ్ళాడు." "ఆ పెంకుటిల్లు రంగం డబ్బుతో కట్టింది." "ఆ టేకుపెట్టె రంగం పెట్టె." నిఘంటువు తీస్తే రంగమంటే నాట్యస్థలమనీ, యుద్ధభూమి అనీ వుంటుంది. మావాళ్ళకు మాత్రం రంగమంటే రంగూను. పరాయి పేరును నోటికి అనువుగా మలుచుకోవడం మనకు అలవాటే. కాని ఆ వూరు చివరికి వాళ్ళ పాలిట నిఘంటువులోని రెండర్థాలకూ సరిపోయింది. కొన్నాళ్ళు ఆట ఆడారు, కొన్నాళ్ళు యుద్ధం చూశారు, ఆ పైన తెర దించేశారు.

మనకొక సామెత వుంది గదా, వున్న వూరు కన్న తల్లి అని. తెలుగు పాఠం చెప్పే వుద్యోగం కనుక ఈ సామెత వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతుంటాను. "పుట్టిన వూరు" అనకుండా "వున్న వూరు" అని పెద్దలు ఎందుకన్నారూ? పుట్టడం మన చేతిలో లేదు. వుండడం మనం చేసే పని. ఎక్కడ పొయ్యి వెలిగించుకొని, ఇరుగుపొరుగుతో మంచీచెడ్డా పంచుకొన్నామో ఆ వూరే తల్లి అని పెద్దల తాత్పర్యం. బాగానే వుంది. మరి ఆ తల్లే ఒకనాడు రెక్క పట్టుకొని గుమ్మం బయటికి పంపేస్తే? యాభై ఏళ్ళు గడిచాక ఆ బిడ్డ వెళ్ళి తలుపు తడితే ఏమని పిలవాలి? ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాలలో నాకు దొరకలేదు. ముగ్గురు పెద్దవాళ్ళ వెంట రంగూను వీధుల్లో ఆరు రోజులు తిరిగినప్పుడు కొంత దొరికింది.

ఆ ముగ్గురిలో ఒకరు మా పెద్దమామయ్య. 1950లో రంగూనులో పుట్టి, 1964లో పద్నాలుగో ఏట ఓడెక్కి మన దేశం వచ్చాడు. మా అమ్మకు అప్పటికి ఎనిమిదేళ్ళు. తక్కిన ఇద్దరూ మామయ్యతో ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదివినవాళ్ళు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపులో ఆ స్నేహం అట్లాగే కొనసాగింది. వాళ్ళిద్దరినీ నేను బాబాయిగారనే పిలుస్తాను. ఒకాయన రైల్వేలో పనిచేసి రిటైరైనారు, మరొకాయన బట్టల కొట్టు నడిపారు. తికమక లేకుండా రైల్వే బాబాయిగారనీ, కొట్టు బాబాయిగారనీ అనుకొందాం.

2018 జనవరిలో ప్రయాణం కుదిరింది. "మనల్ని తరిమేసిన వూరు చూడ్డానికి మళ్ళీ మనమే టిక్కెట్టు కొనుక్కోవాలా?" అన్నారు కొట్టు బాబాయిగారు. అంటూనే అందరికంటె ముందు పెట్టె సర్దుకొన్నది కూడా ఆయనే. మా అమ్మ ఒకే ఒకటి తెమ్మంది: తనకా చెక్క. బర్మా ఆడవాళ్ళు ఆ చెట్టు బెరడును సానమీద అరగదీసి, గంధంలాగా చెంపలకు రాసుకొంటారు. ఎనిమిదేళ్ళ పిల్ల జ్ఞాపకంలో రంగూను అంటే ఆ చల్లదనమే మిగిలింది. మన భాషలో తనఖా అంటే కుదువబెట్టడం గదా, ఆ మాటకూ దీనికీ చుట్టరికం లేకపోయినా, ఈ ముగ్గురి బాల్యమూ ఆ దేశంలో తనఖాలో వుండిపోయిందేమో అనిపించింది నాకు.

బర్మా కథ వినని పిల్లల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. 1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు రంగూనును పట్టుకొని, చదరంగం పలకలాగా వీధులు గీసి కొత్త పట్నం కట్టారు. దిగువ బర్మా అడవులు నరికి వరిపొలాలు చేశారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు లోకంలో అందరికంటె ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. ఆ ధాన్యం దంచడానికి మిల్లులు, బస్తాలు మోయడానికి రేవులు, రిక్షాలు లాగడానికి, వీధులూడవడానికి మనుషులు కావలసి వచ్చారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో స్టీమరెక్కి మనవాళ్ళు వేలకు వేలు వెళ్ళారు. 1931 జనాభా లెక్కలలో రంగూను జనం సుమారు నాలుగు లక్షలైతే, అందులో సగానికి పైగా భారతీయులే!

ఒక వూళ్ళో సొంతవాళ్ళకంటె వచ్చినవాళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో వేరే చెప్పాలా? 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలవారు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకొన్నారు. తీరా సమ్మె తీరి మనవాళ్ళను తిరిగి తీసుకొని, బర్మావాళ్ళను పొమ్మన్నారు. లాభం మూడోవాడిదీ, తలలు పగిలింది ఈ ఇద్దరివీ. వందమందికి పైగా చచ్చిపోయారు. 1937లో బర్మా మన దేశం నుంచి విడిపోయింది. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వేశారు. 1942లో లక్షలమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇటు వచ్చారు, దారిలో రాలిపోయినవాళ్ళు రాలిపోయారు. మా తాతగారు అట్లా నడిచి వచ్చి బతికినవారిలో ఒకరు. విచిత్రమేమంటే యుద్ధం ముగియగానే ఆయన మళ్ళీ వెళ్ళారు! పజున్‌డాంగ్ కాలువ వొడ్డున బియ్యం మిల్లులో గుమాస్తాగిరీ ఆయన కోసం కాచుకొని వుంది మరి. 1962లో జనరల్ నే విన్ సైన్యంతో గద్దె ఎక్కాడు. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశారు, మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఆ రోజుల్లోనే భారతీయులు లక్షల సంఖ్యలో ఓడలెక్కి వచ్చేశారు. మా తాతగారు అదే వూరిని రెండోసారి పోగొట్టుకొన్నారు.

ఇక ప్రయాణం. తాతగారి కాలంలో స్టీమరు మీద రోజులు పట్టిన దారి, కలకత్తానుంచి విమానంలో సుమారు రెండు గంటలు. దిగగానే గడియారం గంట ముందుకు తిప్పుకోవాలి. మామయ్య తిప్పుకోలేదు. "నా గడియారం యాభై నాలుగేళ్ళు వెనక వుందిరా అబ్బాయ్, ఈ గంట ఒక లెక్కా?" అన్నాడు.

అది ఎంత నిజమో మొదటి సాయంకాలమే తెలిసింది. వీధి దాటబోతూ మామయ్య కుడివైపు చూసి అడుగు వేశాడు. ఎడమవైపునుంచి కారు దూసుకొచ్చింది. నేను చొక్కా పట్టుకొని లాగకపోతే కథ అక్కడే ముగిసేది. మన దేశంలోలాగే బర్మాలోనూ పూర్వం బండ్లు రోడ్డుకు ఎడమపక్క నడిచేవి, 1970లో ఒక్కనాటితో కుడిపక్కకు మార్చేశారు. కార్లు మాత్రం చాలావరకు జపానునుంచి వచ్చిన పాతవి, వాటి చక్రం ఎడమపక్క నడిచే రోడ్ల కోసం కుడివైపునే వుంటుంది. చక్రం ఒక లోకానికీ, రోడ్డు ఒక లోకానికీ చెందిన ఆ బండ్లను చూస్తే నాకు ఈ ముగ్గురే గుర్తొచ్చారు.

వీధుల పేర్లూ అంతే. మామయ్య డల్‌హౌసీ వీధి అడుగుతాడు, టాక్సీ అబ్బాయికి మహాబందుల రోడ్డు తప్ప తెలియదు. ఫ్రేజరు వీధి అనోరఠా రోడ్డయింది, మొగలు వీధి ష్వే బోన్ థా వీధి అయింది. దొరల పేర్లు తీసి సొంత రాజులవీ, వీరులవీ పెట్టుకొన్నారు, అందులో తప్పేముంది? అదృష్టవశాత్తు వీధి నెంబర్లు మారలేదు. మామయ్యవాళ్ళ వీధి యాభై దాటిన నెంబరుది. ఆ నెంబరు పట్టుకొని వెళ్ళాం.

ఇల్లు లేదు. ఆ చోట ఎనిమిదంతస్తుల సిమెంటు కట్టడం వుంది. మామయ్య మాటా పలుకూ లేకుండా తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. పై అంతస్తులనుంచి సన్నని తాళ్ళు వీధిలోకి వేలాడుతున్నాయి. కింద కొసకు క్లిప్పు, పైన కొసకు గంట. పేపరు కుర్రాడు క్లిప్పుకు పేపరు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, వాళ్ళు లాక్కొంటారు. "మా అమ్మ బుట్ట దించేదిరా! కూరలవాడికోసం!" అన్నాడు మామయ్య. ఇల్లు పోయినా తాడు మిగిలింది. ఒక్కోసారి మనిషిని పట్టి నిలపడానికి తాడు చాలు.

ఆ వీధి చివర టీ దుకాణంలోనే, ముందుగా చెప్పుకొన్న ప్రకారం, వాళ్ళ నాలుగో మిత్రుడు కనిపెట్టుకొని వున్నాడు. ఆయన బర్మాదేశస్థుడు. బెంచీలో నాలుగో చోటు ఆయనది. బర్మా క్యాంపులో ఎవరి మనవరాలో ఫోనులో వెతికి ఆయన జాడ పట్టింది. లుంగీ కట్టుకొని, చంకలో సంచీతో, చిన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చున్న ఆయన లేచి నిలబడి, మామయ్యను ఎగాదిగా చూశాడు. కావిలించుకోవడాలు, కన్నీళ్ళు ఏమీ లేవు. "సా పీ బీ లా?" అన్నాడు. అన్నం తిన్నావా అని అర్థం. మన పల్లెల్లో ఎదురైనవాణ్ణి అడిగే మాటే! ఆ తరువాత చెయ్యి చాపాడు. "యాభై ప్యాలు! సినిమా టిక్కెట్టుకు తీసుకొన్నావు. పై వారం ఇస్తానన్నావు, ఓడెక్కావు." మామయ్య పెద్దగా నవ్వి జేబులోంచి యాభై చాట్ల నోటు తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "యాభై నోటా? ఇది చెల్లదు. 1964లోనే రద్దయింది," అన్నాడు. వీధివీధంతా తిరిగి చూసేటట్టు నలుగురూ నవ్వారు.

వాళ్ళ మాటలలో ఒక తమాషా వుంది. మామయ్యకు వచ్చిన బర్మా భాష పద్నాలుగేళ్ళ పిల్లవాడిది. గోళీలు, గాలిపటాలు, బడి, మాస్టారు, ఆకలి, ఇవన్నీ దివ్యంగా చెప్పగలడు. పింఛను, రక్తపోటు, మోకాలినొప్పి చెప్పలేడు. అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి కుర్రాడి యాసలో మాట్లాడుతుంటే దుకాణం పిల్లలు మూతులు మూసుకొని నవ్వారు. మర్నాడు దీనికి సరిజోడు కనిపించింది. అనోరఠా రోడ్డు దగ్గర తమిళులు 1871లో కట్టిన కాళికాలయం వుంది. అక్కడొక ముసలావిడ మా మాటలు విని తెలుగులో పలకరించింది. పుట్టింది బర్మాలోనే, మన దేశం ఎన్నడూ చూడలేదట. ఆవిడ నోట వినిపించింది ఈనాటి తెలుగు కాదు. మా అమ్మమ్మ తరానివాళ్ళు మాట్లాడిన శ్రీకాకుళం పల్లె తెలుగు! మనిషి వూరు విడిచిన రోజున భాష అక్కడే ఆగిపోతుంది కాబోలు. మా మామయ్య బర్మా 1964లో ఆగింది, ఆవిడ తెలుగు ఆవిడ అవ్వ ఓడ దిగిన నాడు ఆగింది.

రంగూను వెళ్ళి ష్వేడగోను పగోడా చూడకుండా ఎవరూ రారు. చిన్న కొండ మీద సుమారు 99 మీటర్ల ఎత్తున బంగారు తాపడంతో ధగధగలాడే స్తూపం. నాలుగు దిక్కులా నాలుగు మెట్లదారులు. చెప్పులేగాదు, మేజోళ్ళు కూడా విప్పాలి. ఆ వూరివాళ్ళు వూరికే వెళ్ళవచ్చు, పరదేశస్థులకు మాత్రం టిక్కెట్టు. గుమ్మం దగ్గర పిల్ల మమ్మల్ని ఆపి కౌంటరు చూపించింది. బర్మా మిత్రుడు అడ్డుపడి, "వీళ్ళు ఇక్కడ పుట్టినవాళ్ళు," అన్నాడు. ఆ పిల్ల చాలా మర్యాదగా, "పాస్‌పోర్టు?" అంది. మూడు పాస్‌పోర్టులలోనూ పుట్టిన చోటు రంగూను, దేశం భారతదేశం. ఆ పిల్ల రెండు గళ్ళూ చూసి చిరునవ్వు నవ్వింది. మామయ్య మాట్లాడకుండా డబ్బు తీశాడు. చొక్కాకు స్టిక్కరు అంటించారు. కొట్టు బాబాయిగారు, "చూశావా, పరదేశి అని ముద్ర కూడా వేయించుకొన్నాం," అన్నారు. ఆ మాట ఎవరినీ నవ్వించలేదు.

పైకి వెళ్ళాక ఆ ముద్రను మరిపించే సంగతి ఒకటి జరిగింది. స్తూపం చుట్టూ వారాలవారీగా చిన్న చిన్న ఆరాధనాస్థలాలుంటాయి. బర్మావారికి వారంలో ఎనిమిది రోజులు, బుధవారాన్ని పొద్దుటిపూట ఒకటి, మధ్యాహ్నంపైన ఒకటి అని రెండుగా విడదీశారు. ఎవరు పుట్టిన వారం దగ్గర వాళ్ళు అక్కడి బుద్ధవిగ్రహానికి నీళ్ళు పోస్తారు. ఒక్కో వారానికి ఒక్కో జంతువు. ఆదివారానికి గరుత్మంతుడు, సోమవారానికి పులి, గురువారానికి ఎలుక, శనివారానికి నాగు, ఇట్లాగన్నమాట. మనవాళ్ళకు నక్షత్రం ఎట్లాగో వాళ్ళకు వారం అట్లాగ. మామయ్యకు తన నక్షత్రం జ్ఞాపకముంది, వారం జ్ఞాపకం లేదు. బర్మా మిత్రుడు ఒక్క క్షణం ఆలోచించకుండా ఆయన చెయ్యి పట్టుకొని నేరుగా ఎలుక బొమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. "నువ్వు గురువారంవాడివి. మా అమ్మ నీకు ఎప్పుడూ అట్లా అనేది." టిక్కెట్టు పిల్ల దగ్గరలేని లెక్క ఈయన దగ్గరుంది. మామయ్య చిన్న గిన్నెతో నీళ్ళు పోస్తుంటే ఆయన చెయ్యి వణకడం చూశాను.

ఆ కొండకు దగ్గరలోనే రెండు సమాధులున్నాయి. ఒకటి మన ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫర్‌ది. 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని రంగూనుకు పంపేశారు. 1862 నవంబరు 7న అక్కడే పోయాడు. గుర్తు తెలియకుండా పూడ్చేసిన ఆ గోరీ 1991లోగాని బయటపడలేదు. రెండోది బర్మా చివరి రాణి సుపయాలాట్‌ది. 1885లో ఆమె భర్త థీబా రాజును పట్టుకొని మన రత్నగిరికి పంపారు. రాజు 1916లో అక్కడే పోయాడు. రాణి 1919లో తిరిగి వచ్చింది, కాని మాండలేలోని కోటకు కాదు, రంగూనుకు. 1925లో కన్నుమూసింది. ఢిల్లీవాణ్ణి ఇక్కడికి, ఇక్కడివాణ్ణి అక్కడికి! ఏలికల చేతిలో రాజులకే దిక్కులేనప్పుడు, మిల్లు గుమాస్తా ఎంత, బట్టల కొట్టువాడెంత?

రంగూను చుట్టూ గుండ్రంగా తిరిగే రైలొకటి వుంది. సుమారు 46 కిలోమీటర్లు, మేం తిరిగినప్పుడు మూడు గంటల పైచిలుకు పట్టింది. తమలపాకులు, కూరగాయల మోపులు, కోళ్ళగంపలు, బడిపిల్లలు, అందరూ ఎక్కుతారు, దిగుతారు. రైల్వే బాబాయిగారు చంటిపిల్లాడిలా కిటికీ వదలలేదు. డన్యింగోన్ సంత దాటి పొలాలు కనిపించేసరికి మాట ఎట్లా వచ్చిందో గాని, కొట్టు బాబాయిగారు లోపల దాచుకొన్నదంతా బయటపెట్టారు.

"మా నాన్న ముప్ఫై ఏళ్ళు కష్టపడి పెట్టుకొన్న కొట్టు. ఒకరోజు పొద్దున్న వచ్చి తాళం వేశారు. గజం బద్ద కూడా లెక్క రాసుకొన్నారు. మేం ఏం పాపం చేశాం?"

బర్మా మిత్రుడు చాలాసేపు పొలాలకేసి చూశాడు. "మా తాతకు డెల్టాలో పొలం వుండేది," అన్నాడు. "ధర పడిపోయిన ఏడు వడ్డీ కట్టలేకపోయాడు. పొలం చెట్టియారు చేతికి పోయింది. మా నాన్న అందుకే రంగూను వచ్చాడు. మీరు అద్దెయింట్లోంచి పోయారు. మేం పొలంలోంచి పోయాం."

ఇది కట్టుకథ కాదు. 1930 ప్రాంతాల ధాన్యం ధర కుప్పకూలింది. ఆ దశాబ్దం చివరికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరిజిల్లాలలో సుమారు నాలుగోవంతు సాగుభూమి చెట్టియార్ల చేతిలోకి వెళ్ళింది.

"మేం చెట్టియార్లం కాం," అన్నారు కొట్టు బాబాయిగారు. "గుడ్డ అమ్ముకొన్నాం. మా వీధిలోవాళ్ళు బస్తాలు మోశారు."

"అవును. ఆ తేడా నాకు తెలుసు, మీ ముగ్గురూ తెలుసు గనుక. తెలియనివాళ్ళకు అందరూ కలాలే," అన్నాడాయన.

కలా అంటే పడమటినుంచి వచ్చిన పరాయివాడు, ముఖ్యంగా మనవాళ్ళు. అందులో ఎగతాళి కూడా వుంది. బర్మా భాషలో కుర్చీని కలాథైంగ్ అంటారు, అంటే కలా కూర్చునేది. శనగలను కలాపే అంటారు, అంటే కలా పప్పు. కుర్చీ పేరులో, పప్పు పేరులో మనం వుండిపోయాం, వూళ్ళో మాత్రం వుండలేకపోయాం. ఆ తరువాత మూడు స్టేషన్లదాకా ఎవరూ మాట్లాడలేదు. రైలు మాత్రం తన చుట్టు తాను తిరిగి, ఎక్కిన చోటికే చేర్చింది.

ఆఖరి రోజున రేవుకు వెళ్ళాం. పన్సోడాన్ వీధి కొసన నది, అవతలి వొడ్డుకు మనుషుల్ని దాటించే పడవలు, తిండిబండ్లు, కొంగలు. ఏ జెట్టీనుంచి ఓడ ఎక్కారో ముగ్గురికీ మూడు రకాలుగా జ్ఞాపకం. కొట్టు బాబాయిగారు ఒకచోట ఆగి, "ఇక్కడే," అన్నారు. "ఇక్కడే మా అమ్మ ముక్కుపుడక తీయించారు. వూడి రాకపోతే సబ్బునీళ్ళు తెమ్మన్నారు." బర్మా మిత్రుడు పక్కనే నిలబడ్డాడు. క్షమించమనలేదు. ఆయన చేసిన తప్పు కాదు గనుక అడిగినా అర్థముండదు. కాసేపాగి వేరే సంగతి చెప్పాడు.

"మీరు వెళ్ళాక ఏడాది చివరిదాకా మన క్లాసు హాజరుపట్టీ మార్చలేదు. మాస్టారు రోజూ మీ పేర్లు చదివేవారు. జవాబుండేది కాదు. ఒక రోజు నేనే మీ ముగ్గురికీ పలికాను, వున్నాను, వున్నాను, వున్నాను అని. మాస్టారు బెత్తం తీశారు. చేతి మీద మూడు దెబ్బలు, మనిషికొకటి."

కొట్టు బాబాయిగారు ఆయన కుడిచెయ్యి తీసుకొని అరచెయ్యి విప్పి చూశారు. అందులో ఏమీ లేదు, వయసు తెచ్చిన ముడతలు తప్ప. ఆ చెయ్యిని చాలాసేపు వదల్లేదు. ఆరు రోజులలో ఆ వూరిని గురించి ఆయన మంచి మాట అన్నది లేదు, ఆ పైన కూడా అనలేదు. కాని తిరిగి వస్తూ విమానంలో, "మన బెంచీ ఖాళీగా లేదన్నమాట," అన్నారు. 

రోజూ హాజరు పిలిచే వృత్తి నాది. ఎవరైనా లేని స్నేహితుడికి బదులు పలికితే ఇదివరకు కసిరేవాణ్ణి. ఇప్పుడూ కసురుతూనే వుంటాను, కాని కాస్త మెల్లిగా.

వున్న వూరు తల్లి అన్నారు పెద్దలు. ప్రభుత్వాలు మారి, వీధుల పేర్లు మారి, యిల్లు కూలి, పాస్‌పోర్టులో దేశం మారాక కూడా అక్కడ మనకు బదులు "వున్నాను" అని పలికినవాడు ఒక్కడుంటే, ఆ వూళ్ళో మనం ఇంకా వున్నట్టే. అట్లా పలికేవాడు లేనినాడు ఎంత బంగారు గోపురమున్నా అది చూసి రావలసిన వూరే. నాకు దొరికిన జవాబు ఇంతమాత్రమే.

ఆ దారి మాకోసం ఎంత కొద్దికాలం తెరుచుకొని వుందో తరువాత తెలిసింది. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగాయి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం పట్టుకొంది, దేశమంతా యుద్ధం రగిలింది. 2025 మార్చి 28న మాండలే, సగైంగ్ ప్రాంతంలో భూకంపం వచ్చి వేలమంది పోయారు. ఆనాడు రంగూనునుంచి మామయ్యకు ఫోనులో ఒకే ముక్క వచ్చింది: "వున్నాను." కొట్టు బాబాయిగారు 2022లో పోయారు. ఆయన పెట్టెలో ష్వేడగోను పరదేశి స్టిక్కరు జాగ్రత్తగా పుస్తకంలో అంటించి వుందని వాళ్ళ అబ్బాయి చెప్పాడు.

చదువరులలో రంగం పెట్టెలున్న యిళ్ళవాళ్ళు చాలామంది వుంటారు. మలయా వెళ్ళినవాళ్ళు, మారిషస్ వెళ్ళినవాళ్ళు వుంటారు. పెద్దవాళ్ళను అడగండి. ఏ వీధి, ఏ నెంబరు, పక్కింట్లో ఎవరు, బెంచీ మీద ఎవరు, ఎవరికి ఎంత బాకీ, అన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. దారి తెరిచి వున్నప్పుడు కాళ్ళు ఆడాలి, కాళ్ళు ఆడుతున్నప్పుడు దారి తెరవాలి. ఆ రెండూ కలిసే రోజులు చాలా తక్కువ.